మూటయు ముల్లెయు

న్యూజెర్సీలో కుమారుని యింట నున్న యొక సోదరి మాకొక యుత్తరము వ్రాసినారు. వారి కుమార్తె, ఇరువదియాఱేండ్ల పిల్ల, కొలువునకు ఆఱు నెలలు సెలవు పెట్టి, రాబోవు మార్చి నెలాఖరున అపలాచియన్ ట్రయిల్ అను కొండదారిని ఒంటరిగా మొదటి కొననుండి తుదికొనవఱకు నడువ నిశ్చయించుకొన్నదట. "వలదని చెప్పి చెప్పి మానినాను. ఇక నా చేతిలో నున్నది దాని తిండి యొక్కటే. పిల్ల మాంసము ముట్టదు. ఐదు నెలలకు సరిపడునట్లు ముప్పది పెట్టెలు ఇప్పుడే కట్టి పెట్టుదునా? మూటలో ఏమేమి యుండవలెను?" అని వారి ప్రశ్న. పోనిచ్చుట తగునా తగదా యను చర్చ వారి యింట ముగిసినది గనుక ఈ పుటలో దానిని మరల తెఱవము. ఆ దారి నడచినవారి లెక్కలు చూచి, మా వంటింటి తక్కెడలో తూచి, మాకు తోచినది వ్రాయుచున్నాము. ముందుగానే ఒక మాట: ముప్పది పెట్టెలు కట్టవలదు.

ఈ దారి సంగతి తెలియని సోదరీమణులకు కొంత చెప్పవలెను. అది అమెరికా తూర్పుభాగమున, జార్జియా రాష్ట్రములోని స్ప్రింగర్ కొండమీద మొదలై, 14 రాష్ట్రములు దాటి, మెయిన్ రాష్ట్రములోని కటాడిన్ శిఖరముమీద ముగియును. పొడవు సుమారు 2,190 మైళ్లు. ఇట్టి దారి యొకటి యుండవలెనని బెంటన్ మెకాయ్ అను నాతడు 1921లో తలపోసెను. 1937 నాటికి దారి పూర్తియైనది. దానిని ఒకే యాత్రగా ఆసాంతము నడచితినని తెలిపిన మొదటివాడు ఎర్ల్ షాఫర్; అది 1948లో. దినమునకు పదునైదు మైళ్ల చొప్పున 146 దినములు పట్టును. విశ్రాంతి దినములు కలిపినచో ఐదాఱు నెలలు. అక్టోబరు నడుమలోపల తుది కొండకు చేరవలెను, ఆపైన మంచు. బయలుదేఱినవారిలో నాలుగింట నొకవంతు మాత్రమే తుదకు చేరుదురని ఆ దారిని కాపాడు సంఘమువారు చెప్పుదురు.

మన భాషలో ఇట్టి ప్రయాణపు సన్నాహమును చక్కగా నెఱిగిన గ్రంథ మొకటి కలదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేఱి, 1831 సెప్టెంబరు 3న మరలి వచ్చిరి. 1838లో అచ్చుపడిన వారి కాశీయాత్ర చరిత్రలో మజిలీ మజిలీకి ఎంత దూరము, అచట అంగళ్లు కలవా, నీరెట్టిది, దిగుటకు చోటు కలదా యని వ్రాసిపెట్టిరి. వారివెంట సుమారు నూఱుమంది పరివారము, డేరాలు, బోయీలు. మన పిల్లకు బోయీయు తానే, డేరాయు తన వీపుననే. అయినను ఆ మహనీయుడు ప్రతి ఊర వేసికొన్న ప్రశ్నయే ఆమెకును దిక్కు. తరువాతి అంగడి యెంత దూరము? అందాక నేమి మోయవలెను? అంతకు మించి మోసినదెల్ల దండుగ మోతయే.

ఒంటరి స్త్రీ ఈ దారి నడువగలదా యను సందేహమును 1955లోనే ఒక ముసలమ్మ తీర్చినది. ఎమ్మా గేట్‌వుడ్ ఓహయో రాష్ట్రపు పల్లెటూరి గృహిణి. పదునొకండుమంది బిడ్డల తల్లి. భర్త చేతి దెబ్బలు పెక్కేండ్లు సహించి తుదకు విడిపోయిన యిల్లాలు. ఒక పత్రికలో ఈ దారిని గూర్చిన వ్యాసము చదివి, 1954లో ఉత్తరపు కొననుండి బయలుదేఱినది. కొలది దినములకే దారి తప్పి, కండ్లజోడు పగులగొట్టుకొని, అడవి కావలివారి మాటపై ఇల్లు చేరినది. మఱుసటి యేడు, నడకకు పోవుచున్నానని మాత్రము పిల్లలకు చెప్పి, దక్షిణపు కొననుండి మే 3న కదలి, సెప్టెంబరు 25న కటాడిన్ శిఖర మెక్కినది. అప్పటి కామె వయస్సు 67 సంవత్సరములు. ఆమె సామాను చూడుడు: తానే కుట్టుకొన్న ముతకగుడ్డ సంచి, సైనికుల కంబళి యొకటి, వానకోటు, గుడారమునకు మాఱుగా స్నానపుగదిలో వ్రేలాడదీయు ప్లాస్టిక్ తెర, కాళ్లకు గుడ్డ బూట్లు. తిండికి డబ్బీలలో వచ్చు మాంసము, ఎండుద్రాక్ష, వేరుసెనగలు, త్రోవలో గుర్తుపట్టిన ఆకులు. సంచి బరువు ఇరువది పౌనులకు మించుట అరుదు. 1957లో ఆమె మరల మొదటినుండి తుదివఱకు నడచినది.

మన పిల్లను కంబళితోను తెరతోను పొమ్మని మేము చెప్పము. ఇప్పుడు అంతకంటె తేలికయు వెచ్చనయు నైన పడకలు దొరకుచున్నవి. వానిని మానుట గొప్ప కాదు. అయితే తనకేది లేకున్నను జరుగునో ఆ ముసలమ్మ యెఱుగును. ఆ యెఱుక అంగడిలో దొరకదు. దానిని సంపాదించుటకు మార్చిలోగా మీ అమ్మాయి రెండు మూడు మాఱులు మూట వీపున వేసికొని, వానలో నైనను సరే, రెండు రాత్రులు బయట పండుకొని రావలెను. తిరిగి వచ్చిన తరువాత ముట్టని వస్తువుల నన్నిటిని ఒక గుడ్డమీద పఱచి చూడుడు. మందులు, వానకోటు, దీపము తప్ప తక్కినవానిలో సగము ఇంట నుండదగినవే.

బరువు లెక్క ఇట్లు. తిండి, నీరు, వంటగ్యాసు మినహాయించి మిగిలిన సామానంతటిని వేఱుగా తూచుదురు. అది ఇరువది పౌనుల లోపలనున్న తేలిక మూట. పది పౌనుల లోపల, అనగా నాలుగున్నర కిలోల లోపల నున్న మిక్కిలి తేలిక. క్రొత్తవారికి ఇరువది లోపల నున్న చాలును. సంచి, గుడారము, పడక యను మూడింటిలోనే ఎక్కువ బరువుండును గనుక సొమ్ము పెట్టవలసిన చోటు అదియే. చెంచాకు చిల్లులు పొడిచి తేలిక చేయుట పిల్లచేష్ట. వంటింటి తక్కెడ నొకటి ముందు పెట్టుకొని ప్రతి వస్తువును తూచి కాగితముపై వ్రాయుడు. మా యింటివారు బడిలో లెక్కలు చెప్పువారు. ఆ కూడిక చేసి చూపగా, ఒక్కొక్కటి గడ్డిపోచవలె నున్న పదునైదు చిల్లర వస్తువులు కలిసి శేరున్నర బియ్యమంత బరువు తూగినవి.

దారి మొదలైన ముప్పది మైళ్లకే నీల్ గ్యాప్ అను చోట ఒక అంగడి కలదు. దారి ఆ కట్టడపు నడుమనుండియే పోవును. క్రొత్తవారి సంచులు విప్పించి, అనవసరమైనవి ఏరి ఇంటికి టపాలో పంపించుటకు అచటివారు పేరుపడినారు. ఎదుట చెట్టునిండ పాత బూట్లు వ్రేలాడుచుండును. ఆ బూట్లు చూచినప్పుడు నవ్వు వచ్చును గాని, ఒక్కొక్క జతయు ఎవరో నూఱుకు పైగా డాలర్లు పోసి కొన్నదే యని తలచిన నవ్వు ఆగును.

ఇక బట్టలు. మనకు నూలు శ్రేష్ఠము. మండుటెండలో దానికి సాటి లేదు. ఆ కొండలలో అదే నూలు శత్రువు. చెమటకును వానకును తడిసిన నూలుబట్ట త్వరగా ఆఱదు, ఒంటి వేడిని లాగివేయును. గడ్డకట్టు చలి లేకున్నను, వానయు గాలియు కలిసిన దినమున మనుష్యుని మతి తప్పించి చంపునది ఆ తడి చలియే. ఉన్ని తడిసినను కొంత వెచ్చదన ముంచును. కృత్రిమ నూలు త్వరగా ఆఱును. నడచుటకు ఒక జత, నిద్రకు ఒక జత చాలును. నిద్రజతను ఎంత వానయైనను బయటికి తీయరాదు. పక్షిరోమములు నింపిన పడక వెచ్చన, తేలిక; తడిసిన పనికిరాదు గనుక నీరు చొరని సంచిలో నుంచవలెను.

బూట్లు ఐదు జతలు ముందే కొనవలదు. ఒక జత మూడు నాలుగు వందల మైళ్లకు అరుగును, కావున ఆఱేడు జతలు కావలసివచ్చుట నిజమే. గాని నడువగా నడువగా పాదము ఉబ్బి వెడల్పగును. మార్చిలో సరిపోయిన కొలత జూనులో కఱచును. అమ్మాయి ఏ ఊరినుండి కొలత చెప్పునో ఆ కొలతకే అప్పుడు కొని పంపుడు.

నీరు వడకట్టు గొట్టము తప్పక కావలెను. అందులోని సన్నని నాళములు గడ్డకట్టిన పగిలిపోవును, పగిలినట్లు పైకి కనబడదు. కావున చలిరాత్రులలో దానిని పడకలోనే పెట్టుకొని పండుకొనవలెను. ఆ ప్రాంతపు గోమార్లవంటి పురుగులు కఱచిన లైమ్ అను జ్వరము వచ్చును. బట్టలకు పెర్మెత్రిన్ మందు పట్టించి, రాత్రి రాత్రి ఒళ్లు చూచుకొనవలెను. నెలనెల వచ్చు బహిష్టునకు వలయువానిని గూర్చి తల్లియే బిడ్డతో మాటాడవలెను. మెత్తలు వాడినచో అడవిలో పాతిపెట్టరాదు, సంచిలోనే ఊరివఱకు మోసికొనిపోవలెను. మరల మరల వాడదగిన గిన్నె యలవాటైనచో మోతయు తగ్గును. ఆ యలవాటు ఇంట నున్నప్పుడే చేసికొనదగినది.

ఇప్పుడు తిండి. ధర్మరాజునకు సూర్యుడు అక్షయపాత్ర నిచ్చెను గనుక పండ్రెండేండ్ల వనవాసమున పాండవులకు ఈ చింత లేదు. మన పిల్ల దినమునకు ఎనిమిది తొమ్మిది వందల గ్రాముల తిండి మోయవలెను. ఐదు దినములకు నాలుగు కిలోలకు పైమాటయే. అంత బరువులో కావలసినంత సత్తువ ఇమిడ్చుటయే నేర్పు. పిండికిని పంచదారకును గ్రాముకు నాలుగు కేలరీలు, నేతికిని నూనెకును తొమ్మిది, నీటికి సున్న. కావున నీరున్న పదార్థమును మోయుట వ్యర్థము. 850 గ్రాములలో గ్రాముకు నాలుగున్నర చొప్పున 3,800 పైచిలుకు వచ్చును. అదియైనను నడచువారికి తఱచు చాలదు. రెండు మూడు వారములు గడచిన పిమ్మట వచ్చు ఆకలి ఇంటిలో కూర్చున్నవారి యూహ కందనిది. ఊరికి వచ్చినప్పుడు పిల్ల రెండు మనుష్యుల భోజనము చేసినదని విని భయపడకుడు.

మన వంటింటిలో ఇందుకు తగినవి చాల నున్నవి. సన్నరవ్వను నేతిలో వేయించి, పోపు, ఎండిన కరివేపాకు, ఉప్పు కలిపి ఉంచినచో మరగునీరు పోసి మూతపెట్టినంతనే ఉప్మా. అటుకులకు వేడినీరే చాలును. వండి యెండబెట్టిన బియ్యము అచట అంగళ్లలో దొరకును. దానికి కందిపొడియు నేయియు కలిసిన ఇంకేమి కావలెను? పప్పు చేయదలచినచో నూనె చుక్క వేయక మెత్తగ ఉడికించి, పలుచగా పఱచి ఎండబెట్టుడు. నూనెయో నేయియో కలిసిన ముక్క ఎండదు, ముక్కిపోవును. నేయి వేఱు సీసాలో పోవలెను, అదియు గాజుసీసా కారాదు. వేరుసెనగ ముద్ద, బెల్లపు అచ్చులు, పుట్నాలపొడి, సున్నుండలు: ఇవన్నియు మోతకు తగినంత ఫలము నిచ్చునవి. ఆవకాయ మాత్రము వలదని మా గట్టి మాట. నూనె కారి పడకకు అంటినచో ఐదు నెలలు ఎలుగుబంట్లకు ఆహ్వానపత్రిక పంపినట్లే. ఆ దారిలో నల్ల ఎలుగులు కలవు. వాసన గల సమస్తమును, పండ్లపొడితో సహా, రాత్రి చెట్టుకొమ్మకు వ్రేలాడదీయుటయో గట్టి డబ్బాలో నుంచుటయో చేయవలెను. జార్జియాలో జారర్డ్ గ్యాప్ మొదలు నీల్ గ్యాప్ వఱకు, మార్చి 1 నుండి జూన్ 1 వఱకు రాత్రి దిగువారికి అట్టి డబ్బా ఉండితీరవలెనని నియమము.

ఇన్ని మంచి వస్తువులుండగా ముప్పది పెట్టెలు ఏల వలదంటిమి? మొదటిది, విసుగు. ఇంట నెంతో యిష్టపడిన కందిపొడి నలుబదవ దినమున నోటికి మన్నువలె నుండును. నడచినవారిలో ఎందరో ఇంటినుండి వచ్చిన పెట్టెలను విప్పి, సగము అచటనే ఇతరులకు పంచిపెట్టి, అంగడికి పోయి వేఱేదో కొనుక్కొనినవారు. రెండవది, నిలువ. మార్చిలో చుట్టిన సున్నుండ ఆగస్టున సున్నుండగా నుండదు. మూడవది, దారియే మాఱిపోవుట. 2024 సెప్టెంబరులో హెలీన్ తుఫాను వచ్చి ఆ దారిమీది హాట్ స్ప్రింగ్స్, డమాస్కస్ ఊళ్లలో వరద పెట్టినది. చెట్లు కూలి, వంతెనలు పోయి, పెక్కు మైళ్ల త్రోవ మూతపడినది. ముందు సంవత్సరపు పట్టికను నమ్మి కట్టిన పెట్టెలు అట్టి వేళ ఎవరి చేతికి చేరును? అన్నిటికంటె ముఖ్యమైనది, మూడు నుండి ఐదు దినముల కొకమాఱు ఏదో ఒక ఊరు తగులుచునే యుండును. ఆ పెట్టెల ఖర్చులో సగము అమ్మాయి చేతిలో పెట్టినచో ఊరిలో పండ్లును, ఆకుకూరలును, పెరుగును కొనుక్కొని తినును. ఎండిన తిండిలో లేనివి అవియే.

అంగడి చిన్నదై మాంసము తిననివారికి ఏమియు దొరకని చోట్లకు మాత్రము పెట్టె పంపుడు. స్మోకీ పర్వతములలో చొచ్చుటకు ముందు ఫాంటానా డ్యామ్ వద్ద ఒకటి. న్యూహ్యాంప్‌షైర్‌లో గ్లెన్‌క్లిఫ్ అను పల్లెకు ఒకటి. తుదిలో మాన్సన్‌కు ఒకటి. దానిని గూర్చి వేఱుగ చెప్పెదము. నడుమ నింకొక రెండు మూడు అమ్మాయియే చెప్పును. మీ రాష్ట్రపు సరిహద్దున డెలావేర్ వాటర్ గ్యాప్ వద్దకు జూను చివరనో జూలైలోనో చేరును. అచటికి పెట్టె యేల? మీరే పోవచ్చును. పప్పు, అన్నము, వంకాయకూర, చిక్కని మజ్జిగ తీసికొనిపొండు. ఒక జత శుభ్రమైన బట్టలును తీసికొనిపొండు. అప్పుడు మాత్రము ఇంటికి రమ్మని యనవలదు.

టపా సంగతిలో కొన్ని తెలిసియుండవలెను. అచటి టపాకచేరీలు బాటసారుల పెట్టెలను జనరల్ డెలివరీ యను విలాసమున ఉంచి యిత్తురు. అయితే కొన్ని దినములే యుంతురు గనుక అమ్మాయి చేరుటకు పది దినముల ముందు పంపిన చాలును. పెట్టెమీద చేరు దినమును అంచనాగా వ్రాయుడు. ఆ దారిలో నడచువారు తమలో తాము ముద్దుపేర్లు పెట్టుకొందురు. మీ అమ్మాయికిని ఏదో యొక పేరు వచ్చును. పెట్టెమీద ఆ పేరు వ్రాయవలదు. గుర్తింపు కాగితముతో సరిపోలిన పేరున్నగాని పెట్టె చేతికీయరు. ప్రైవేటు కంపెనీల ద్వారా టపాకచేరీకి పెట్టె పంపిన చేరదు. ఆదివారము కచేరీ మూయుదురు. శనివారము మధ్యాహ్నమునకే మూయు పల్లెలు కలవు. శనివారము సాయంకాలము చేరినవారు సోమవారమువఱకు సత్రపు కూలి కట్టి కూర్చుండవలసినదే. వంటగ్యాసు డబ్బీలను ఆహారపు పెట్టెలో కలిపి పంపవలదు. అవి అగ్ని భయమున్న వస్తువులు, వానికి వేఱు నియమము లున్నవి. ఊళ్లలో కొనుటయే సులువు.

తల్లి యింట నుండుటవలన నిజముగ కలుగు ఉపకారము బట్టల మార్పులో నున్నది. మార్చిలో దక్షిణపు కొండలమీద మంచు పడును. వర్జీనియాలో మౌంట్ రోజర్స్ ప్రాంతమును దాటిన పిమ్మట, మే నెలలో, దళసరి బట్టలను అమ్మాయి ఇంటికి పంపివేయును. వానిని ఉతికి, ఆఱవేసి, చిరుగులు కుట్టి, గ్లెన్‌క్లిఫ్ పెట్టెతో మరల పంపవలెను. అక్కడినుండి శ్వేతపర్వతములు మొదలగును. వానిలో 6,288 అడుగుల మౌంట్ వాషింగ్టన్ శిఖరమున 1934లో గంటకు 231 మైళ్ల వేగముతో గాలి వీచినట్లు కొలిచిరి. వేసవిలోనే అచట చలికి చనిపోయినవారు కలరు. ఆ పెట్టె ఆలస్యము కారాదు. తక్కిన పెట్టె లేవి ఆలస్యమైనను ఆకలిబాధతో సరి.

ఇంకొక వస్తువు బరువు చూడక మోయవలసినది. 2013 జూలైలో మెయిన్ అడవులలో 66 ఏండ్ల స్త్రీ యొకతె దారినుండి కొంచెము పక్కకు పోయి, తిరిగి దారి కానక తప్పిపోయినది. భర్త కారులో ఊరూర సామాను అందించుచు, కలియవలసిన చోట వేచియుండెను. ఆమె చేతిఫోనునుండి పంపిన సందేశములు అడవిలో తీగ యందక చేరలేదు. మూడు వారములకు పైగా బ్రదికియుండి, తుదకు మరణించినది. 2015లో శరీరము దొరకిన చోటు దారికి రెండు మైళ్ల లోపలనే. ఉపగ్రహముద్వారా సందేశము పంపు చిన్న యంత్రములు ఇప్పుడు నూఱు గ్రాముల బరువున దొరకుచున్నవి. మీ అమ్మాయి అది సంచి అడుగున కాక భుజపుపట్టీకి కట్టుకొనవలెను. ప్రతి రాత్రి "కుశలము" అని ఒక్క మాట పంపుననియు, రెండు రాత్రులు రాకున్న మీ రెవరికి ఫోను చేయవలెననియు ముందే నిర్ణయించి కాగితముపై వ్రాసి గోడకు అంటించుకొనుడు. నిర్ణయము లేనియెడల ఒక్క సందేశము తప్పినను మీకు నిద్ర యుండదు. అదే తఱచై, నిజమైన ఆపద వచ్చిననాడు చూతములే యనిపించును.

ఇక మాన్సన్ పెట్టె. ఆ ఊరినుండి అబోల్ వంతెన వఱకు నూఱు మైళ్లు; నడుమ ఊరు లేదు. పది దినముల తిండి చేతనుంచుకొని దిగుడని దారి మొగదల బోర్డే పెట్టియుందురు. కాళ్లు గట్టిపడినవారు ఆఱేడు దినములలో దాటుదురు. మాన్సన్‌లోని సత్రమువారు రుసుము పుచ్చుకొని నడుమ నొకచోట ఆహారపు బకెట్టు అందించు ఏర్పాటును కలదు. మీ పెట్టెలో ఎనిమిది దినముల తిండి యుండిన చాలును. నేయి ఎక్కువగ, పొడులు తక్కువగ, క్రొత్తగ చుట్టిన సున్నుండలు దినమునకు నాలుగు చొప్పున ముప్పదిరెండు, విఱుగకుండ నడుమ అటుకులు పోసి సర్దుడు. దానిని కట్టుటకు వేళ ఆగస్టు చివరివారము. అప్పటి కామె నోటికి ఏది రుచించునో ఫోనుచేసి యడిగి, తరువాతనే పొయ్యి వెలిగింపుడు.